లోపలి కవరు

తెనాలి,
8 జులై 2000

అమ్మాయ్ రవళీ,

ముందు నీకు నిండు నూరేళ్ళు. నా కొడుకు కేదారుకు కూడా, కాకపోతే నీ తరవాతే.

మంచి మాట అత్తగారికి చెప్పడానికి నీకు నోరు రాలేదటమ్మా? మా పిన్ని కూతురు స్వరాజ్యం కార్డు రాస్తే గాని నాకు తెలియలేదు. పంజాగుట్టలో ఆడడాక్టరు గది ముందు బెంచీ మీద నువ్వు తలవంచుకుని కూర్చున్నావట. పలకరించబోయేసరికి లోపలికి పిలిచారట, వెళ్ళిపోయావట. పెళ్ళయి ఏడాదిన్నర అయిన పిల్ల ఆడడాక్టరు దగ్గర ఎందుకు కూర్చుంటుందో నాకు ఒకరు చెప్పాలా? మూడో నెల వచ్చేదాకా బయటపెట్టకూడదని ఊరుకున్నావు గావును. నేనూ ఎవరికీ చెప్పలేదు. మామయ్యగారికి, నాతో వంటకొచ్చే హైమవతికి, గుళ్ళో కనిపించిన నలుగురికి తప్ప.

ఇక నా సంగతి. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో తద్దినాల వంట చేస్తున్నాను. మానేద్దామనుకుంటున్నాను. సెప్టెంబరులో మహాలయ పక్షాలు, పదిహేను రోజులూ ఎవరో ఒకరింట్లో పితృదేవతల వంట ఉంటుంది. ఇప్పటికే పదకొండు ఇళ్ళవాళ్ళు వచ్చి చెప్పి వెళ్ళారు. వేరే మనిషిని చూసుకోమని అందరికీ కబురు పెడతాను. తెల్లవారుజామునే తలమీద నీళ్ళు గుమ్మరించుకుని, ఆ తడిచీరతోనే పొయ్యి ముందు కూర్చోవాలి. భోక్తలు తిని లేచేదాకా అది ఒంటిమీదే ఆరాలి. ఇదివరకటి ఓపిక లేదే. నీ దగ్గరికొచ్చి పిల్లనో పిల్లాడినో ఆడించుకుంటాను.

నేను బాగానే ఉన్నాను. పోయిన నెల గారెల నూనె చేతిమీద చిందింది. ఆ పుండు ఇంకా పచ్చిగానే ఉంది. ఎండలు పోయినా దాహం మాత్రం పోలేదు, చెంబులు చెంబులు తాగుతున్నాను. కళ్ళజోడు కూడా మార్చాలి. అక్షరాలు అలుక్కుపోయినట్టుంటే నీ ఉత్తరాలు మామయ్యగారే వసారాలో కూర్చుని పైకి చదివి వినిపిస్తున్నారు. కనుక ఏం రాసినా చూసుకుని రాయి.

సున్నుండలు, చింతకాయ పచ్చడి పంపుతున్నాను. సున్నుండలు కేదారును ముట్టనివ్వకు.

ఆనందం పట్టలేని మీ అత్తయ్య,
కమలకుమారి

———

అమీర్‌పేట,
16 జులై 2000

అత్తయ్యగారికి నమస్కారం.

పైకవరులోని కాగితం మామయ్యగారు వసారాలో చదవచ్చు. ఎల్లమ్మ కల్యాణానికి మా బల్కంపేట వీధి పట్టనంత జనం వచ్చారని, మీ అబ్బాయి క్షేమమని అందులో రాశాను. ఈ లోపలి కవరు మాత్రం మీ ఒక్కరికే. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను, మీరే చదువుకోండి.

అత్తయ్యగారూ, విశేషం ఏమీ లేదు. మీ ఉత్తరం చూసి ఏం రాయాలో తెలియక మూడు రోజులు బీరువాలో దాచాను. అబద్ధం రాయలేను కనుక సిగ్గు విడిచి నిజం రాస్తున్నాను.

జూన్ నెలాఖరులో నాకు అక్కడ దురద మొదలైంది. రెండు రోజుల్లో మంట. మూత్రానికి వెళితే చురుక్కుమనేది. విరిగిన పాలల్లోని తరకల్లాగా తెల్లగా వచ్చేది, వాసన మాత్రం లేదు. శుభ్రం చాలలేదనుకుని డెట్టాలు నీళ్ళతో కడుక్కున్నాను. దాంతో మంట రెట్టింపయింది. పాఠం చెబుతూ నిలబడలేకపోయాను. మా ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దున ఏడు నుంచి జావా బ్యాచీలు, ఒకదాని వెనక ఒకటి. ఉద్యోగాల కోసం ఎక్కడెక్కడినుంచో వచ్చిన పిల్లలు మెట్లమీద కూడా కూర్చుని వింటారు. "మేడమ్, ఒంట్లో బాలేదా?" అని వాళ్ళడిగితే తలనొప్పి అన్నాను.

ఎవరికీ చెప్పలేదు. మీ అబ్బాయికి కూడా. కనిపెట్టింది మా ఇంటిగలావిడ మంగవ్వ. నీళ్ళు పట్టుకోవడానికి కిందికి దిగితే పట్టుకుని నిలబెట్టింది. "రెండు దినాల సంది చూస్తున్న, గట్ల నడుస్తున్నవేంది బిడ్డా? నా బిడ్డ సుత గిట్లనే దాచిపెట్టుకున్నది, నెల దినాలు గోస పడ్డది. జర డాక్టరమ్మకు చూపిచ్చుకో, పా" అని తనే ఆటో పిలిచింది. స్వరాజ్యంగారు చూసిన రోజు అదే. మంగవ్వ అప్పుడు చీటీ రాయించడానికి వెళ్ళింది.

డాక్టరమ్మ పేరు సంగీత. పరీక్ష చేసి, దూది పుల్లతో తీసి గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూసింది. ఈస్ట్ అట. బేకరీవాళ్ళు రొట్టె పొంగడానికి వేస్తారే, దానికి దాయాది. అందరి ఒంట్లోనూ కొంచెం ఉంటుందట, దాన్ని అదుపులో పెట్టే మంచి క్రిములూ ఉంటాయట. నేను గొంతునొప్పికి మెడికల్ షాపులో అడిగి ఐదు రోజులు యాంటీబయాటిక్ మింగాను. మంచివి చచ్చిపోయి ఇది పెత్తనానికొచ్చింది. పైగా మా ఎదుటిది మగపిల్లల హాస్టలు. లోపలి బట్టలు డాబా మీద ఆరేయలేక, గదిలోనే తువ్వాలు కింద దాచి ఆరేస్తాను. ఈ వానలకు అవి ఆరవు. ఆ చెమ్మవే వేసుకుని పైన జీన్సు తొడుక్కుని బస్సెక్కుతాను. అది విని డాక్టరమ్మ నవ్వింది. "సిగ్గు పడేటోళ్ళు బట్టల మీద బట్ట కప్పుతరు, ఈస్టుకేమో గదే కావాలె" అంది.

నేను ఏడ్చాను అత్తయ్యగారూ. ఏదో పాపం చేసినట్టు అనిపించింది. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, "నలుగురు ఆడోళ్ళల్ల ముగ్గురికి ఎప్పుడో ఒకప్పుడు వస్తది తల్లీ. వచ్చుడు తప్పు గాదు, దాచుడు తప్పు" అంది. రాత్రిళ్ళు లోపల పెట్టుకునే మాత్రలు, పైన రాసే ఆయింట్‌మెంటు ఇచ్చింది. లోపల సబ్బు, డెట్టాలు వాడకూడదంది. నూలు బట్ట, వదులు బట్ట, పూర్తిగా ఆరిన బట్ట వేసుకోమంది. నాలుగు రోజుల్లో దురద పోయింది. మాత్రలు మాత్రం చివరిదాకా వాడాను.

మీ ఆశ మీద నీళ్ళు చల్లినందుకు క్షమించండి. లేని మనవడి కోసం మీరు పని మానేయకండి. సున్నుండలు రెండు తిని డబ్బా మూతపెట్టాను.

మీ కోడలు,
రవళి

చదివాక దయచేసి దీన్ని పొయ్యిలో వేయండి.

———

తెనాలి,
27 జులై 2000

రవళికి,

నీ కవరు అందింది. మామయ్యగారు ముప్పై మూడేళ్ళు తపాలా శాఖలో చేసిన మనిషి, అతికించిన కవరు విప్పడం ఆయన వల్ల కాదు. "నీకేనట" అని నా చేతికిచ్చి, చెప్పులేసుకుని బజారుకెళ్ళిపోయారు.

చదివాను. పొయ్యిలో వేశాను.

నీకు వేడి చేసింది, అంతే. హోటలు తిండి, ఆ ప్యాంట్లు. సబ్జా నానబెట్టి తాగు, బార్లీ కాచుకో. ఇంకో మాట అడుగుతాను, దాచకు. కేదారు మొన్న ఆఫీసు పనిమీద బెంగుళూరు వెళ్ళి ఇరవై రోజులున్నాడని పైకాగితంలో రాశావు. ఇది వాడినుంచి వచ్చినదా? నా కొడుకైనా సరే, తప్పుంటే నేను ఊరుకోను.

మహాలయ పక్షాల ఇళ్ళవాళ్ళకి చెప్పేశాను, రానని. దానికీ నీకూ సంబంధం లేదు. మళ్ళీ అడగవద్దు.

కమలకుమారి

———

అమీర్‌పేట,
5 ఆగస్టు 2000

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం ఒక పేజీ కూడా లేదు. ఎప్పుడూ చింతపండు ధర నుంచి మొదలుపెట్టి నాలుగు పేజీలు నింపే మీరు నన్ను 'అమ్మాయ్' అని కూడా పిలవలేదు. మనవడు లేడని కోపమొచ్చిందనుకుంటున్నాను. కోపం మీ ఇష్టం. మీ అబ్బాయి మీద అనుమానం మాత్రం ఉంచుకోకండి.

డాక్టరమ్మ దగ్గరినుంచి వచ్చిన రాత్రి నేను భయపడుతూ చెబితే ఆయన, "పిచ్చిదానా, ఇన్ని రోజులు ఒక్కదానివే పడ్డావా?" అన్నారు. మిగిలిన మాత్రల పట్టీ షాపుకెళ్ళి తెచ్చింది ఆయనే. ఇది తప్పుడు తిరుగుళ్ళ జబ్బు కాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పెళ్ళికాని పిల్లలకూ వస్తుందట, ముసలమ్మలకూ వస్తుందట. మీ అబ్బాయి కిటికీకి ఒక తీగ కట్టారు. పలుచటి తెర వేశారు. ఎండ లోపలికొస్తుంది, ఎదుటి హాస్టలుకు ఏమీ కనిపించదు. అలాంటి మనిషిని అనకండి.

మీరు వంట మానడం మాత్రం నాకు మింగుడు పడలేదు. పెళ్ళయిన కొత్తలో తాతగారి తద్దినానికి మీ వంట చూశాను. పద్దెనిమిది రకాలు, ఒక్కసారి కూడా రుచి చూడకుండా. ఆ రోజు మీ ముఖంలో ఉన్న వెలుగు నేను మరిచిపోలేదు. మనవడు లేడని తేలాక కూడా ఎందుకు మానేశారు? నావల్ల తప్పేదైనా జరిగిందా? మళ్ళీ అడగవద్దన్నారు. అడుగుతున్నాను.

రవళి

———

తెనాలి,
15 ఆగస్టు 2000

అమ్మాయ్ రవళీ,

అమ్మాయ్ అనలేదని అలిగావా? ఇదిగో, అన్నాను. ఇంకోసారి కూడా అంటాను, అమ్మాయ్. మామయ్యగారు జెండా వందనానికి వెళ్ళారు. ఆయన వచ్చేలోగా రాసి అతికించాలి.

నీమీద కోపం లేదు. లోపలి కవరులో నువ్వు రాసినదంతా నాకుంది. ఏడాదిన్నరగా.

దురద, మంట, ఆ తరకలు, అన్నీ. తొడల మధ్య, పొట్ట మడత కింద, రొమ్ముల కింద ఎర్రగా ఒరుసుకుపోయి ఉంటుంది. తగ్గినట్టే తగ్గి నెలా రెండు నెలలకు మళ్ళీ వస్తుంది. పసుపు పెట్టాను, వేపాకు నీళ్ళు పోసుకున్నాను, డబ్బాలకొద్దీ పౌడరు చల్లాను. మెడికల్ షాపులో చెమటకాయలని అబద్ధం చెప్పి ఒక ట్యూబు కూడా తెచ్చుకున్నాను. రాసిన నాలుగు రోజులు హాయిగా ఉండి, తరవాత ఇంకా పాకింది. తెల్లబట్ట అయితే ఎముకలు కరిగి అందులోనే పోతాయని మా అత్తగారు అనేవారు. ఈ నీరసం చూసి అదే అనుకున్నాను. మా వీధిలో ఉన్నది మగడాక్టరు. కేదారు వయసువాడు. నేను వెళ్ళను.

నా బాధ దురద కాదే. తడిమడి కట్టుకుని పితృదేవతలకు వండే మనిషిని. ఒంట్లో ఈ మైల పెట్టుకుని ఆ పొయ్యి ఎలా ముట్టను? ముట్టకుండా ఎలా ఉండను? వైశాఖంలో పురోహితులు రాఘవయ్యగారింట్లో వంట మధ్యలో లేచి దొడ్లోకి పరిగెత్తాను. తిరిగొచ్చి మళ్ళీ నీళ్ళు పోసుకుని కూర్చున్నాను. ఆ రోజు భోక్తలు తృప్తిగా లేచారు గాని, నేను మాత్రం ఇంటికొచ్చి ఏడ్చాను. తప్పు చేశాననిపించింది.

నీ కడుపు పండిందని వినగానే ఎగిరి గంతేశానే, అందులో సగం ఇందుకే. మానేయడానికి నలుగురికీ చెప్పగలిగిన కారణం దొరికింది. కోడలికి సాయం వెళుతున్నానంటే ఎవరూ రెండోమాట అడగరు. నువ్వు నిజం రాసి ఆ కారణాన్ని లాగేసుకున్నావు. అందుకే ముక్తసరిగా రాశాను. కేదారును అన్నందుకు నాకే సిగ్గుగా ఉంది.

ఒక సాయం చెయ్యి. నీకిచ్చిన మాత్రల పేరు రాయి, లేదా కొని పార్సెల్ చెయ్యి. అవి పనిచేస్తే పక్షాలకు ఇంకా నెల ఉంది. నా పొయ్యి నాకు దక్కుతుందేమో చూస్తాను.

నీ అత్తయ్య

———

అమీర్‌పేట,
21 ఆగస్టు 2000

అత్తయ్యగారూ,

మాత్రలు పంపడం లేదు. తిట్టుకోకుండా చివరిదాకా చదవండి.

మీ ఉత్తరం అందిన సాయంత్రమే వానలో పంజాగుట్ట వెళ్ళాను. మీ అనుమతి లేకుండా డాక్టరమ్మకు చదివి వినిపించాను, పేరు చెప్పలేదు. సగంలోనే ఆవిడ కలం కింద పెట్టింది. "ఇంతకుముందు ఇంకేమన్న రాసిందా మీ అత్తమ్మ?" అని అడిగింది. అప్పుడు మీ జులై ఉత్తరం గుర్తొచ్చింది. మానని పుండు, చెంబులకొద్దీ దాహం, అలుక్కుపోయే అక్షరాలు. అన్నీ ఆవిడకు చెప్పాను. నెల రోజులుగా ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది, ఓపిక లేదన్న మాట కూడా చదివాను, నాకు తట్టలేదు.

"మందు రాయను. ఎవరికి రాసిన మందు వాళ్ళకే. ముందుగాల షుగర్ టెస్టు చేపియ్యమను. రక్తంల చక్కెర ఎక్కువుంటే ఈస్టుకు పండుగ. పైన ఎన్ని మందులు పూసినా మళ్ళ మళ్ళ వస్తది" అంది. ఆ ట్యూబు వెంటనే ఆపమంది. అలాంటివాటిలో దురదను అణిచే మందు కలిసి ఉంటుందట, పైకి తగ్గినట్టు చూపించి లోపల పెంచుతుందట. ఎముకలు కరగడం అబద్ధమంది. అసలు ఇలా పదేపదే తిరగబెడుతుంటే, ఏడాదిలో నాలుగుసార్లు వచ్చిందంటేనే, ఇంటి వైద్యం మానేసి వెళ్ళాలట. మొదటిసారి వచ్చినప్పుడు కూడా, అది ఈస్టేనో ఇంకేదో మనకు తెలియదు కనుక. జ్వరమో పొత్తికడుపు నొప్పో తోడైనా, చెడు వాసనొచ్చినా, పచ్చగానో బూడిదరంగుగానో అవుతున్నా, ఒకరోజు కూడా ఆగకూడదట. కడుపుతో ఉన్నవాళ్ళయితే సొంతంగా ఏ మందూ వాడకూడదట.

తడిచీర సంగతి కూడా చెప్పాను. "ఆరేడు గంటలు తడిబట్ట, ముంగట పొయ్యి సెగ. ఏ ఒళ్ళు తట్టుకుంటది?" అంది. నాదీ మీదీ ఒకటే తప్పు అత్తయ్యగారూ. నేను సిగ్గుతో తడి బట్ట కట్టాను, మీరు భక్తితో కట్టారు.

మైల అన్నారు. గారెల నూనె చేతిమీద చిందితే మైల కాలేదు కదా. ఇదీ అంతే, ఒంటికొచ్చిన పుండు.

మీ ఊళ్ళో ఆసుపత్రిలో ఆడడాక్టరు ఉందని మీ అబ్బాయి కనుక్కున్నారు. రేపే వెళ్ళండి, మామయ్యగారితో వెళ్ళండి. మీరు వెళ్ళలేదని తెలిస్తే బ్యాచీలు వదిలేసి నేనే వస్తాను.

రవళి

———

తెనాలి,
30 సెప్టెంబరు 2000

అమ్మాయ్ రవళీ,

ఈ ఉత్తరానికి లోపలి కవరు లేదు, చూశావా?

వెళ్ళాను. హైదరాబాదు వానల వార్తలు విని నీ కోసం కంగారు పడుతూ నీ కవరు విప్పితే, నువ్వేమో నా కోసం కంగారు పడుతున్నావు. మామయ్యగారికి చెప్పడమే పెద్ద పని అనుకున్నాను. అంతా విని ఆయన లేచి లోపలికెళ్ళారు. కోపమొచ్చిందనుకున్నాను. గొడుగు తెచ్చి, "పద" అన్నారు. రిక్షాలో ఒకే ఒక్క మాట, "ముప్పై ఏళ్ళు పక్కనున్నాను, నాకు చెప్పలేదేమే?" అని.

షుగరు మూడువందల పన్నెండు. ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే చేతిపుండు చెయ్యినే తినేసేదని ఆ డాక్టరమ్మ కేకలేసింది. మాత్రలు, అన్నం తగ్గించడం, పొద్దున్నే నడక. నీకిచ్చిన మందు లాంటిదే నాకూ ఇచ్చింది, పైన మడతలకు వేరేది. మూడు వారాలకు ఒళ్ళు తెరిపిన పడింది. పుండు మానింది. అక్షరాలు కూడా నిలకడగా నిలబడుతున్నాయి. దురద లేకుండా నిద్రపోవడం ఎలా ఉంటుందో మరిచిపోయాను తల్లీ. మొదటిరోజు పొద్దున లేచి, నీ పేరు తలుచుకుని కాసేపు మంచంమీదే కూర్చుండిపోయాను. కన్నకూతురు లేదని ఎప్పుడైనా అనుకున్నానేమో, ఇక అనుకోను.

మడి సంగతి నేరుగా రాఘవయ్యగారినే అడిగాను, ఈ ఊళ్ళో తద్దినాలన్నీ పెట్టించేది ఆయనే కదా. జబ్బు పేరు చెప్పలేదు, తడిబట్ట పడడం లేదన్నాను. ఆయన నవ్వి, "ఎవరూ ముట్టకుండా దండెం మీద ఆరిన బట్ట మడి కాదని నీకెవరు చెప్పారమ్మా కమలా?" అన్నారు. మా అత్తగారు చెప్పారు. ఆవిడకు వాళ్ళ అత్తగారు చెప్పి ఉంటారు. ఇరవై ఆరేళ్ళలో నేను ఎవరినీ అడగలేదు.

పదకొండు ఇళ్ళలో ఇద్దరు అప్పటికే వేరేవాళ్ళను పెట్టుకున్నారు. మిగిలిన తొమ్మిది నేనే చేశాను. పొడి చీర, పొడి ఒళ్ళు. ఆఖరి రోజు గారెలు ఎలా పొంగాయో చెప్పలేను. ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు, షుగరు మీద ఒట్టు.

ఇప్పుడు అసలు సంగతి. మూడో రోజు హైమవతి పప్పు రుబ్బుతూ రుబ్బుతూ లేచి దొడ్లోకి పరిగెత్తింది. ఆ పరుగు నాకు తెలుసు. తిరిగొచ్చాక ఏం చెప్పాలో తెలియక, ఇంటికి పిలిచి నీ జులై ఉత్తరం చేతికిచ్చాను. పొయ్యిలో వేశానని రాశాను కదూ? వేయలేదే. పొయ్యిదాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చుకున్నాను. నా బాధ నాకంటే బాగా రాసిన కాగితాన్ని ఎలా కాల్చను? బియ్యం డబ్బాలో దాచుకున్నాను. హైమవతి చదివి ఆసుపత్రికి వెళ్ళింది. తరవాత వాళ్ళ చెల్లెలికిచ్చింది. అక్కణ్ణుంచి విస్తరాకులు కుట్టే ఇద్దరు తీసుకెళ్ళారు. నీ పేరున్న చోటు నేను ముందే చింపేశాను, భయపడకు. చేతులు మారీ మారీ మడతల దగ్గర చిరిగిపోయింది, సగం అక్షరాలకు నూనె అంటింది.

కాబట్టి ఇంకో ప్రతి రాసి పంపు. అలాగే పెద్ద అక్షరాలతో రాయి. డాక్టరమ్మ రెండోసారి చెప్పినవి కూడా అందులో కలుపు. కింద నీ పేరు అక్కర్లేదు. పైన 'అత్తయ్యగారికి' అని మాత్రం ఉండనీ, నాకు సిగ్గు లేదు.

చివర, చదివాక పొయ్యిలో వేయమన్న ముక్క రాయకు.

నీ అత్తయ్య,
కమలకుమారి